చదవమని ఎవరూ అనని బడిలో నా చదువు

మాది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలో ప్రాణహిత నది పక్కనున్న పల్లె. నది దాటితే తెలంగాణ. ఇంట్లో, వాడకట్టులో, మిరప చేనులో మా మాట తెలుగే. బడి, రేషన్ కార్డు, పట్వారీ కాగితం, బస్సు మీది బోర్డు మరాఠీ. అడవి వైపు నాలుగడుగులేస్తే అక్కడి ఆదివాసుల మాడియా గోండీ. మూడు భాషల నడుమ పెరిగే పిల్లలు మూడూ గడగడా మాట్లాడతారని బయటివాళ్ళు అనుకుంటారు. నేను చూసినంతలో వాళ్ళకు ముందు వచ్చేది నోరు మూసుకొని కూర్చోవడం. ఏడో తరగతి దాకా మరాఠీ మీడియంలో చదివాను. బోర్డు మీదున్నదంతా అక్షరం పొల్లుపోకుండా నోటుబుక్కులోకి ఎక్కించేదాన్ని. చేతిరాత బాగుండేది, మార్కులూ పర్వాలేదు. సారు ప్రశ్న అడిగితే మాత్రం లేచి నిలబడి, కూర్చోమనేదాకా నేల చూసేదాన్ని. జవాబు తెలిసిన రోజున కూడా అంతే.

ఆ తర్వాత నేను చేరిన బడి పేరు రాయను. దాన్ని నడిపేవాళ్ళకు ప్రచారం ఇష్టం లేదు. నాగపూర్ వైపు నుంచి వచ్చిన భార్యాభర్తలు, మా తాలూకా యువకులు ఇద్దరు కలిసి పెట్టారు. రెండు పెంకుటిళ్ళు, పనిముట్ల కొట్టం, బావి, కొంచెం పొలం, ఓ గది నిండా పుస్తకాలు. ఆరేళ్ళ నుంచి పదిహేడేళ్ళ దాకా ముప్పై మంది పిల్లలు ఉండేవాళ్ళేమో. తరగతులు లేవు, గంట లేదు, పరీక్ష లేదు. ఎవరికి ఏది నేర్చుకోవాలనుంటే అది నేర్చుకోవచ్చు. కావాలంటే పెద్దవాళ్ళను అడగొచ్చు, అడక్కపోయినా ఎవరూ ఏమనరు. బడి నియమాలు, డబ్బు ఖర్చు, తగాదాలు అన్నీ వారానికోసారి జరిగే సభలో చేతులెత్తే ఓటుతో తేలతాయి. అక్కడ ఆరేళ్ళ పిల్లకూ ఒక చెయ్యే, బడి పెట్టిన తాయికీ ఒక చెయ్యే. పెద్దవాళ్ళను తాయి, దాదా అనే పిలిచేవాళ్ళం, మరాఠీలో అక్క, అన్న అని. సార్, మేడమ్ అనే మాటే లేదు.

ఇలాంటి బడులు లోకంలో కొత్త కాదని తర్వాత తెలిసింది. ఇప్పుడు ఇంగ్లండులో ఉన్న సమ్మర్‌హిల్‌ను ఏ.ఎస్. నీల్ 1921లో జర్మనీలో మొదలుపెట్టాడు. అక్కడ పాఠానికి వెళ్ళడం పిల్లల ఇష్టం. అమెరికాలోని మసాచుసెట్స్‌లో సడ్‌బరీ వ్యాలీ స్కూల్ 1968 నుంచి నడుస్తోంది. అక్కడైతే ఏ పెద్దవాళ్ళు వచ్చే ఏడాది పనిలో ఉండాలో కూడా పిల్లలతో కూడిన సభ ఓటు వేసి తేలుస్తుంది. కానీ మా బాపుకు, అంటే నాన్నకు, ఇంగ్లండూ అమెరికా చెబితే ఏం లాభం? ఆయనకు తాయి వార్ధా గురించి చెప్పింది. 1937 అక్టోబరులో గాంధీ అక్కడ సభ పెట్టి, చేతిపనితో ముడిపడిన చదువు కావాలన్నాడనీ, దాన్నే నయీ తాలీం అన్నారనీ, సేవాగ్రామ్ బడిలో పిల్లలే వంతులు వేసుకొని పనులు నడిపేవాళ్ళనీ చెప్పింది. వార్ధా మా విదర్భలోనిదే. బాపు అంతా విని, "గాంధీ చెప్పిండంటే కాదనలేం గని, సర్టిఫికెట్ ఎవలిస్తరు?" అని అడిగాడు.

ఆ ప్రశ్న సరైనదే. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం గుర్తింపు లేకుండా బడి నడపకూడదు. అందుకని మాది అభ్యాస కేంద్రం అన్న పేరుతోనే ఉండేది. పద్నాలుగేళ్ళు నిండాక కావాలనుకున్నవాళ్ళు జాతీయ సార్వత్రిక విద్యా సంస్థలో, అంటే ఎన్‌ఐఓఎస్‌లో పదో తరగతికి పేరు నమోదు చేసుకోవచ్చు. ఆ దారి ఉందని కాగితం మీద చూశాకే బాపు ఒప్పుకున్నాడు. అసలు పట్టు పట్టింది అవ్వ, అంటే మా అమ్మ. ఇంట్లో వసపిట్టలా వాగే పిల్ల బడికి పోంగనే ఎందుకు మూగదవుతుందో ఆమె చాలా రోజులుగా చూస్తోంది.

మొదటి నెలల గురించి కొంచెం ఎక్కువే రాయాలి. ఇలాంటి బడుల గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఆ భాగాన్ని దాటేసి ముందుకు పోతారు.

నేనేమీ చేయలేదు. నిజంగానే ఏమీ చేయలేదు. మొదటి వారం ఎవరైనా వచ్చి ఏదో ఒకటి చేయమంటారని ఎదురుచూశాను. ఎవరూ రాలేదు. పుస్తకాల గదిలో కూర్చొని కిటికీలోంచి చూసేదాన్ని. చింతచెట్టు కింద అష్టాచెమ్మా ఆడేదాన్ని. మధ్యాహ్నం నిద్రపోయేదాన్ని. చిన్నపిల్లలు మట్టితో ఆనకట్ట కట్టి, నీళ్ళు వదిలి, తెంచి, మళ్ళీ కడుతుంటే గంటలకొద్దీ చూసేదాన్ని. కొన్నాళ్ళకు ఆట కూడా విసుగొచ్చింది. ఆ విసుగు మామూలుది కాదు. పొద్దున లేస్తే రోజు ఎట్లా గడపాలా అని భయం వేసేది. పాత బడిలో విసుగు పుడితే దానికి కారణం సారో, పాఠమో. ఇక్కడ కారణమని చూపించడానికి ఎవరూ లేరు. ఒకరోజు ఏడ్చుకుంటూ వెళ్ళి, "నాకు ఏదైనా పని చెప్పండి" అని తాయిని అడిగాను. ఆమె నా పక్కన కూర్చుంది, తలకు నూనె రాసింది, పని మాత్రం చెప్పలేదు. ఆ సాయంత్రం ఆమె మీద చాలా కోపం వచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే అంత ఓర్పు ఎక్కడి నుంచి తెచ్చుకుందా అనిపిస్తుంది. పిల్ల ఏడుస్తుంటే చేతికి ఏదో ఒకటిచ్చి ఊరుకోబెట్టడం ఎంత సులువో, ఇవ్వకుండా పక్కన కూర్చోవడం ఎంత కష్టమో, ఈమధ్య నేను చిన్నపిల్లలతో ఉంటున్నప్పుడు తెలుస్తోంది.

ఇంట్లో ఇంకో పోరు.

"రోజంత ఏం జేస్తున్నవ్ బిడ్డా?"

"ఏం లేదు బాపు."

"ఏం లేనిదానికి అంత దూరం పోవుడెందుకు? మిరప తోటల కలుపన్న తియ్యరాదు?"

బాపును తప్పు పట్టను. పిల్లను చదువు మాన్పించాడని ఊళ్ళో అంటుంటే ఆయనకు కష్టంగా ఉండేది. ఒకసారి నేరుగా బడికే వచ్చి అడిగాడు. నీల్ తన బడి గురించి రాసిపెట్టిన ఒక లెక్కను తాయి చెప్పింది. వేరే బడుల నుంచి వచ్చిన పిల్లలకు పాఠాల మీద అయిష్టం పోవడానికి సగటున మూడు నెలలు పట్టేదట. పాత బడి మీద ద్వేషం ఎంత ఉంటే అన్నాళ్ళు. కాన్వెంటు నుంచి వచ్చిన ఒక అమ్మాయి మూడేళ్ళు అలాగే తిరిగిందట. మూడేళ్ళ మాట వినగానే బాపు మొహం చూడాలి! తాయి ఏదీ దాచలేదు. అంతకాలం పట్టొచ్చు, పట్టకపోవచ్చు, మాట ఇవ్వలేనంది. బాపు తునికాకు కాలం దాకా ఆగుతానన్నాడు. వేసవిలో బీడీలు చుట్టే తునికాకు కోతకు ఇంటిల్లిపాదీ అడవికి పోతాం, అప్పుడు ఎట్లాగూ బడి ఉండదు. ఆ తర్వాత మాట తర్వాత అన్నాడు.

నన్ను కదిపింది పుస్తకం కాదు, సైకిలు.

బడిలో రెండు సైకిళ్ళు ఉండేవి. ఎప్పుడు చూసినా పెద్ద పిల్లల దగ్గరే. సభ గదిలో మేకుకు ఒక నోటుబుక్కు వేలాడుతుంది. సభలో ఏ విషయం రావాలన్నా ఎవరైనా అందులో రాయొచ్చు. ఎవరూ లేనప్పుడు వెళ్ళి మరాఠీలో రాశాను: సైకిళ్ళు ఎప్పుడూ పెద్దవాళ్ళే తీసుకుంటున్నారు. పేరు రాయలేదు. ఆ సోమవారం సభకు అధ్యక్షురాలు మాడియా పిల్ల, నాకంటే చిన్నది. విషయం చదివి, ఎవరు రాశారని అడిగింది. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి చెయ్యెత్తాను. "నీ ప్రస్తావ్ ఏంది?" అని అడిగింది. నా దగ్గర ప్రస్తావ్, అంటే ఏం చేయాలన్న ప్రతిపాదన, లేదు. ఫిర్యాదు ఉంది, అంతే. ఆమె తప్పు పట్టలేదు. వచ్చే వారం ప్రస్తావ్‌తో తెమ్మని రాసుకొని తరువాతి విషయానికి వెళ్ళిపోయింది.

ఆ వారమంతా తల అదే పని చేసింది. ఎవరు ఎప్పుడు సైకిలు తీసుకుంటున్నారో చూసి రాసుకున్నాను. సంతకు సామాన్లు తేవడానికి ఎంతసేపు, ఊరికే తిరగడానికి ఎంతసేపు. కాగితం మీద గళ్ళు గీసి వంతులు వేశాను. గళ్ళు గీస్తుంటే గంటలను భాగించాల్సి వచ్చింది, భిన్నాలు వచ్చాయి. భిన్నాలు నాకు రావు. పదిహేనేళ్ళ అబ్బాయిని అడిగితే, సైకిలు ఎక్కువసేపు వాడేది తనే అయినా, కూర్చోబెట్టి చెప్పాడు. రెండో సోమవారం నా కాగితం సభలో పెట్టాను. రెండు మార్పులు చేసి ఒప్పుకున్నారు. నా నోటి నుంచి వచ్చిన మాట నియమంగా మారి గోడకు ఎక్కడం నాకు తెలిసి అదే మొదలు. తునికాకు కాలం వచ్చి పోయింది. బాపు ఏమీ అనలేదు, నేను మళ్ళీ బడికి పోయాను.

కానీ సభ అంటే అంతా న్యాయమే అనుకోవద్దు. చేతులు లెక్కపెట్టే చోట తక్కువమంది ఎప్పుడూ తక్కువే. మాలో తెలుగు పిల్లలం ఐదారుగురం. సభలో ఎవరి భాషలో వాళ్ళు మాట్లాడొచ్చు, పక్కవాళ్ళు మిగతా రెండు భాషల్లోకి చెబుతారు. కానీ తీర్మానాలు రాసే సభ పుస్తకం మాత్రం మరాఠీలోనే ఉండేది. కొత్తగా చేరిన తెలుగు పిల్లలకూ, మాడియా పిల్లల్లో చాలామందికీ ఏం రాశారో తెలియదు. నియమం ఇలా ఉందని మరాఠీ చదవగలిగినవాడు అంటే అదే నియమం. తీర్మానాలు మూడు భాషల్లోనూ రాయాలని ప్రస్తావ్ పెట్టాను. ఓడిపోయాను. మాడియా పిల్లలు కూడా చాలామంది నాకు వ్యతిరేకంగా ఎత్తారు, ఎందుకంటే దాదా వద్దన్నట్టు మొహం పెట్టాడు. ఆయన నోరు విప్పలేదు, ఎవరినీ ఆపలేదు. కానీ చిన్నపిల్లలు తమకు ఇష్టమైన పెద్దవాళ్ళ మొహం చూసే చెయ్యెత్తుతారు. అందరికీ ఒకే ఓటు అని గోడ మీద రాసినంత మాత్రాన అందరి మాటా ఒకే బరువు తూగదని ఆరోజు కళ్ళారా చూశాను. పెద్దవాళ్ళ ప్రభావం లేదనుకునే బడి కంటే, ఉందని ఒప్పుకొని దానికి పద్ధతి పెట్టుకునే బడి మేలని ఇప్పటికీ గట్టిగా నమ్ముతాను. ఆ తర్వాత కొన్ని విషయాలకు చీటీల మీద రహస్య ఓటు పెట్టుకున్నాం. అది సభకు తెచ్చింది దాదాయే.

ఆ ఏడాదే మేం కొందరం మెండా లేఖా వెళ్ళాం. మా జిల్లాలోనే, ధానోరా తాలూకాలో ఉన్న గోండు ఊరు. సిరొంచ నుంచి జిల్లా కేంద్రానికే రెండు వందల కిలోమీటర్ల పైమాట, ఆలాపల్లి దాకా రోడ్డు గుంతలు. ఒళ్ళు హూనమైంది, అయినా వెళ్ళినందుకు నా ఆలోచనే మారింది. "ఢిల్లీ, ముంబైలలో మా సర్కారు; మా ఊళ్ళో మేమే సర్కారు" అన్న నినాదం ఆ ఊరిదే. అటవీ హక్కుల చట్టం కింద 2009లో దాదాపు 1,800 హెక్టార్ల అడవి మీద సామూహిక హక్కు తెచ్చుకున్నారు. వెదురు అమ్ముకోవడానికి పోరాడితే, 2011 ఏప్రిల్‌లో అప్పటి కేంద్ర మంత్రి జైరాం రమేశ్ ఊరికి వచ్చి, రవాణా పాసులు గ్రామసభ చేతికే వచ్చేలా చేశారు. ఇదంతా పుస్తకాల్లో దొరుకుతుంది. నాకు కావలసింది వేరే దొరికింది. అక్కడ గ్రామసభలో ఓటు వేయరు. అందరూ ఒప్పుకునేదాకా మాట్లాడతారు. ఒక్కరికి అభ్యంతరం ఉన్నా విషయం ఆగుతుంది. తొందర లేదు. విషయం గురించి ముందే తెలుసుకోవడానికి వేరుగా అధ్యయన బృందం కూర్చుంటుంది. అక్కడ చర్చే, నిర్ణయాలు ఉండవు. నిర్ణయం సభది.

తిరిగి వచ్చాక కొత్త ప్రస్తావ్ పెట్టాను: కొద్దిమందినే తాకే విషయాన్ని చేతుల లెక్కతో తేల్చకూడదు, అందరి ఒప్పుదల కావాలి, వద్దన్నవాళ్ళు మరో దారి చూపాలి. దీని వెంట తీర్మానాలు మూడు భాషల్లో రాయాలన్న ముచ్చట మళ్ళీ సభకొచ్చింది, వారాలు సాగింది. ఒక మరాఠీ అబ్బాయి గట్టిగా అడ్డుపడ్డాడు. వాడి మాటలో పస ఉంది: చర్చంతా మూడుసార్లు రాయాలంటే రాసేవాడు సభలో పాల్గొనేదెప్పుడు? తెలుగులో నువ్వు రాసింది సరిగ్గా ఉందో లేదో మేం చూసేదెట్లా? వాడితో వాదించడం మాని, వాడితో కలిసి కూర్చున్నాను. చివరికి ఇద్దరం కలిసే తెచ్చాం. చర్చ ఒకే భాషలో రాస్తే చాలు. తీర్మానం ఒక్కటి మూడు భాషల్లో రాయాలి, రాసినదాన్ని అప్పుడే పైకి చదవాలి, మూడూ ఒకటేనని తేలాకే సంతకాలు. మాడియా మాటలను దేవనాగరి అక్షరాల్లో రాయడానికి ఒక అమ్మాయి ముందుకొచ్చింది. ఆదిలాబాద్ గుంజాలలో దొరికిన గోండీ లిపి 2018లో యూనికోడ్‌లోకి, అంటే కంప్యూటర్లు వాడే అక్షరాల పట్టికలోకి, ఎక్కిందని తెలిసి, తర్వాత ఆ అక్షరాలు నేర్చుకోవడం కూడా మొదలుపెట్టింది. అందరూ ఒప్పుకున్నారు.

మరి తెలుగులో రాసేదెవరు? నేనే. నాకు తెలుగు రాయడం రాదు. మాట్లాడటం తప్ప ఒక్క అక్షరం నేర్పినవాళ్ళు లేరు.

నదికి అవతల చెన్నూరులో మా మేనత్త ఉంటుంది. ఆ సెలవుల్లో అక్కడికి పోయాను. మేనబావ చిన్ననాటి వాచకాలు అటక మీంచి దింపారు. దేవనాగరి వచ్చినవాళ్ళకు తెలుగు అక్షరమాల వరస తొందరగా అందుతుంది. ఇబ్బంది ఒత్తులతోనే. మరాఠీలో సగం అక్షరం పక్కన నిలబడుతుంది, తెలుగులో ఒత్తు కాళ్ళ కింద చేరుతుంది. త, న, మ ఒత్తులు అసలు అక్షరంలా ఉండనే ఉండవు. అవి నన్ను ఏడిపించాయి. పొద్దున మా అత్తకు కిరాణా చిట్టీ రాసిచ్చేదాన్ని, సాయంత్రం బజారులో దుకాణాల బోర్డులు చదువుకుంటూ నడిచేదాన్ని. ఎవరూ హోంవర్కు ఇవ్వలేదు, మార్కులు వేయలేదు. సోమవారం సభలో ముప్పై మంది ముందు పైకి చదవాలి, అది చాలు. నేను పుట్టి పెరిగిన భాషలో నా మొదటి వాక్యం బడి బావి దగ్గర నీళ్ళు వృథా చేయకూడదన్న తీర్మానం. దాన్ని చదువుతుంటే ఒక చిన్న తెలుగు పిల్ల, "అక్కా, నాకు సమజైంది" అంది. ఆ సంతోషం ఏ మార్కులూ ఇవ్వలేవు.

తగాదాల గురించి ఒక్క ముచ్చట చెప్పి ముందుకు పోతాను. పనిముట్ల కొట్టానికి దాదా సభను అడక్కుండా తాళం వేశాడు. రంపంతో చిన్నపిల్లవాడి వేలు తెగిందని భయం. ఎనిమిదేళ్ళ పిల్లాడు నోటుబుక్కులో ఆయన మీద రాశాడు. విచారణకు వచ్చి దాదా నిలబడ్డాడు. భయం నిజమే, అడగకపోవడం కూడా నిజమే అని తేలింది. తాళం తీశారు, రంపం ఎవరెవరు ముట్టుకోవచ్చో నేర్చుకున్నవాళ్ళ జాబితా పెట్టారు, వారం రోజులు కొట్టం ఊడ్చే పని దాదాకు పడింది. ఊడ్చాడు. పోలండ్‌లోని వార్సాలో అనాథ పిల్లల కోసం 1912 నుంచి ఇల్లు నడిపిన యానుష్ కోర్చాక్ కూడా పిల్లలే న్యాయమూర్తులుగా కోర్టు పెట్టి, తానే దాని ముందు నిలబడ్డాడని తాయి ఆ రాత్రి చెప్పింది. సమ్మర్‌హిల్‌ను ప్రభుత్వ తనిఖీ అధికారులు తప్పుపడితే కేసు లండన్ దాకా పోయిందనీ, 2000లో రాజీ షరతులు ఒప్పుకోవాలా వద్దా అని పిల్లలు కోర్టు గదిలోనే సభ పెట్టి తేల్చుకున్నారనీ కూడా చెప్పింది. మాకు నిద్ర పట్టలేదు. కోర్టు గదిలో సభ ఎట్లా జరిగి ఉంటుందో చిన్నపిల్లలు మర్నాడంతా ఆడారు.

ఇక రాళ్ళు. నాకు రాళ్ళ పిచ్చి ఎప్పుడు పట్టిందో చెప్పడం కష్టం. మా తాలూకాలో వడధం దగ్గర శిలాజాల పార్కు ఉంది, రాయిగా మారిన చెట్ల మొద్దులు చూడొచ్చు. బడి నుంచి వెళ్ళి చూశాం. మిగతావాళ్ళు మర్చిపోయారు, నేను మర్చిపోలేదు. పుస్తకాల గదిలో వెతికితే మా తాలూకాలోని పోచంపల్లి పేరు కనిపించింది! అక్కడ దొరికిన ఎముకలతోనే 1975లో బారాపాసారస్ అన్న రాక్షసబల్లికి పేరు పెట్టారు. తొడ ఎముకే 1.7 మీటర్లు, నిలువెత్తు మనిషంత. తవ్వకం రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతి ఏడాది 1961లో జరిగింది కాబట్టి జాతి పేరులో ఆయన్నీ చేర్చారు. మా ఎదురుగట్టున, తెలంగాణ వైపు యామన్‌పల్లిలో దొరికిన మరో దానికి 1988లో జియలాజికల్ సర్వేకు చెందిన యాదగిరి కోటాసారస్ అని పేరు పెట్టారు. కోట అంటే ఇటువైపు ఒడ్డున మా ఊరి లాంటి ఊరే. ఆ రాతిపొరలకు భూగర్భ శాస్త్రంలో ఉన్న పేరు కోట ఫార్మేషన్. జురాసిక్ కాలం నాటి నేల మీద ఏడేళ్ళు బడికి పోయాను, ఒక్కరూ చెప్పలేదు.

ఇంగ్లీషు నేర్చుకున్నది ఇందుకే. శిలాజాల గురించి ఉన్నదంతా ఇంగ్లీషులోనే. ఒక్కో పేజీకి సగం రోజు పట్టేది. తాయి పక్కన కూర్చొని అడిగిన మాటకే అర్థం చెప్పేది, అడగనిది చెప్పేది కాదు. స్కేలు ప్రకారం బొమ్మ గీయడానికి నిష్పత్తులు కావాలి, వయసు లెక్కలకు పెద్ద సంఖ్యలు కావాలి. కోటాసారస్ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టి ఉందని తెలిశాక చూడాలనిపించింది. బడి డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలన్నా సభ ఒప్పుకోవాలి. బస్సు చార్జీలు, తిండి, ఉండటం లెక్కలు వేసి పెట్టాను. సభ నన్ను ఉతికి ఆరేసింది. నువ్వొక్కదానివి చూస్తే మాకేంటి? బోరింగు బాగుచేయడం ముందా, బల్లి ముందా? అడిగింది చిన్నపిల్లలే. లెక్క సగానికి తగ్గించాను. మిగతాది తునికాకు డబ్బులోంచి నేను పెట్టుకుంటానన్నాను. తిరిగి వచ్చాక చిన్నపిల్లలకు ఆ బల్లిని నేల మీద అసలు కొలతల్లో ముగ్గుతో గీసి చూపిస్తానన్నాను. ఒప్పుకున్నారు.

మ్యూజియంలో ఆ ఎముకల కింద నిలబడి చాలాసేపు చూశాను. ఇవి మా ఏటి గట్టువని పక్కనున్న అమ్మకు చెప్పాను. "అట్లనా బిడ్డా!" అని తన పిల్లలను పిలిచి నాతో చెప్పించింది. ఏడో తరగతిలో నేల చూసిన పిల్లనే నేను. ముగ్గు గీసిన రోజు ఆ బల్లి తోక సభ గది గడప దాటిపోయింది.

పదో తరగతి రాయాలన్నది నా నిర్ణయం. భూగర్భ శాస్త్రం చదవాలంటే కాలేజీ కావాలి, కాలేజీకి సర్టిఫికెట్ కావాలి. ఎన్‌ఐఓఎస్‌లో కనీసం ఐదు సబ్జెక్టులు, అందులో ఒకటి భాష కావాలి. నేను తెలుగు, ఇంగ్లీషు, గణితం, విజ్ఞానశాస్త్రం, సాంఘికశాస్త్రం తీసుకున్నాను. పరీక్షలు ఏడాదికి రెండుసార్లు ఉంటాయి, ఐదేళ్ళలో తొమ్మిది అవకాశాలు. ఒక్కో సబ్జెక్టు విడివిడిగానూ రాసుకోవచ్చు. ఇంటి దగ్గర రాసి పంపే అసైన్‌మెంట్లకు ఇరవై శాతం. ఈ సౌలభ్యం తెలియక పల్లెల్లో ఎంతోమంది ఆడపిల్లలు ఏడో, ఎనిమిదో తరగతిలో ఆగిపోతున్నారు. తెలిసినవాళ్ళు చెప్పాలి.

గణితం కష్టమైంది. బీజగణితం పదిహేనేళ్ళకు మొదలుపెట్టాను, ఏళ్ళ తరబడి చదివినవాళ్ళకున్న అలవాటు నాకు లేదు. ఎంత అర్థమైనా చేయి కదలదు. మూడు గంటలు ఆగకుండా రాయడం కూడా అలవాటు లేదు. వేలు నొప్పి పుట్టేది. ఇలాంటి బడిలో చదివితే పరీక్ష సునాయాసం అని ఎవరైనా అంటే నమ్మకండి. తేడా ఎక్కడంటే, పొద్దున ఐదింటికి లేచి లెక్కలు చేస్తున్నప్పుడు ఎందుకు చేస్తున్నానన్న ప్రశ్న నాకు ఒక్కసారీ రాలేదు. నా కాలపట్టిక నేనే వేసుకున్నాను, చిన్నవాళ్ళ గోల భరించలేక పుస్తకాల గదిలో పొద్దుటి పూట నిశ్శబ్దం ఉండాలని సభలో ప్రస్తావ్ పెట్టి గెలిపించుకున్నాను. అన్ని సబ్జెక్టులూ ఒకేసారి పాసయ్యాను. గణితంలో మార్కులు తక్కువే.

అందరికీ ఇలా జరగలేదు. నాతో చేరిన ఇద్దరు ఏడాది తిరక్కుండా వెళ్ళిపోయారు. ఒక అమ్మాయికి ఇంట్లో పెళ్ళి కుదిర్చారు. సభ మొత్తం వాళ్ళింటికి పోయి మాట్లాడింది, ఆపలేకపోయాం. ఆ విషయం సభ పుస్తకంలో మూడు భాషల్లో ఉంది.

ఇప్పుడు నేను డిగ్రీలో భూగర్భ శాస్త్రం చదువుతున్నాను. పద్దెనిమిది నిండాక ఊరి గ్రామసభలో కూర్చుంటున్నాను. మొన్నటి తునికాకు లెక్కల రోజు కార్యదర్శి గబగబా మరాఠీలో అంకెలు చదివేశాడు. మా దగ్గర 70 ఆకులు ఒక కట్ట, వెయ్యి కట్టలు ఒక బస్తా. నది అవతల కట్టకు 50 ఆకులే. రేటు వింటే ఎక్కువగా వినిపిస్తుంది, ఆకుకు ఎంత పడుతుందో ఎవరూ అడగరు. ఆడవాళ్ళంతా వెనక వరసలో ఉన్నారు. లేచి నా ప్రస్తావ్ చెప్పాను: లెక్కలు తెలుగులోనూ చదవాలి, ప్రతి ఇంటికీ కట్టల సంఖ్య, రేటు, చేతికొచ్చిన డబ్బు కాగితం మీద రాసివ్వాలి. ఒక పెద్దమనిషి, "నిన్నగాక మొన్నటి పోరివి" అన్నాడు. మంచిది తాతా, అయినా నా ప్రస్తావ్ అట్లనే ఉంది అన్నాను. వెనక వరస నుంచి మా అవ్వ, ఆమె వెంట ఇంకొందరు లేచారు. అప్పటికప్పుడు తేలలేదు. తర్వాతి సభలో తెలుగులో చదివారు, కాగితాలు ఇంకా రావాలి.

బాపు ఈమధ్య ఒక పని ఒప్పజెప్పాడు. తమ్ముడు ఆరో తరగతి. వాణ్ణి కూడా మా బడిలో చేర్పిద్దామని ఆయన ఆశ, నన్ను ఒప్పించమన్నాడు. ఒప్పించను, వాణ్ణే అడుగుతానన్నాను. ముగ్గురం గడపలో కూర్చున్నాం. వాడు చాలాసేపు ఆలోచించి, తన దోస్తులంతా ఊరి బడిలోనే ఉన్నారనీ, క్రికెట్ టీమ్ అక్కడే ఉందనీ, గణితం సారు బాగా చెబుతాడనీ, అక్కడే చదువుతాననీ అన్నాడు. తెలుగు అక్షరాలు మాత్రం నేర్పమన్నాడు. బాపు నావైపు చూశాడు. వాడు చెప్పిండు కదా బాపు, అన్నాను. ఆదివారం నుంచి మొదలుపెట్టాం, ఇప్పుడు ఒత్తుల దగ్గరున్నాం.